ఆర్‌సీసీబీ నిలబడడం లేదు: పత్రం లేని 1994 నాటి వైరింగును ఉంచాలా, పీకేయాలా?

ప్రశ్న: బ్రాడీపేట పాతిల్లు

అందరికీ నమస్కారం. గుంటూరు బ్రాడీపేటలో మా నాన్నగారు 1978లో కట్టించిన ఇల్లు మాది. కింద రెండు గదులు, హాలు, వంటిల్లు ఉన్నాయి. పై వాటా 1994లో వేశారు. కింది ఇంటికి మున్సిపాలిటీ ప్లాను ఉంది. సర్వీసు తీసుకున్నప్పుడు కాంట్రాక్టరు సంతకం చేసి ఇచ్చిన వైరింగు పత్రం కూడా నాన్నగారి బీరువాలో భద్రంగా దొరికింది. పై వాటాకు ఈ రెండూ లేవు. మాకు మేనమామ వరసయ్యే ఒకాయన, వృత్తి రీత్యా రేడియోలు బాగుచేసేవారు, ఆ వేసవిలో వచ్చి పది రోజులుండి వైరింగు మొత్తం తానే చేసిపెట్టి, కింది మీటరు నుంచే పైకి కరెంటు ఇచ్చి వెళ్ళారు. ఆయన కాలం చేసి చాలా ఏళ్ళైంది కాబట్టి ఏ తీగ ఏ గోడలో ఎటు తిరిగిందో అడగడానికి మనిషి లేడు.

ఇప్పుడు మా అబ్బాయి కుటుంబం పై వాటాలోకి వస్తోందని బాత్‌రూములు, గచ్చులు, గోడలకు పుట్టీ పని మొదలుపెట్టాం. ఆ పనిలో భాగంగానే ఎలక్ట్రీషియన్ పాత పింగాణీ ఫ్యూజులు తీసేసి, మీటరు తర్వాత కిందికి ఒకటి, పైకి ఒకటి చొప్పున రెండు డీబీలు (స్విచ్‌లన్నీ ఉండే పంపిణీ పెట్టెలు) పెట్టి, ఒక్కోదానికి 40 ఆంపియర్ల, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే తనంతట తానే పడి సరఫరా ఆపే స్విచ్) బిగించారు. ఆ సాయంత్రమే గొడవ మొదలైంది. మెట్ల దీపం స్విచ్ వేస్తే చాలు, ఒకసారి కింది ఆర్‌సీసీబీ పడుతోంది, ఒకసారి పైది పడుతోంది, ఒక్కోసారి రెండూ పడుతున్నాయి. ఆ దీపం ముట్టుకోకపోయినా, కింద గీజరు వేసినప్పుడు కిందిది పడిపోతోంది. మరీ విచిత్రమేమిటంటే, కింది ఎంసీబీలన్నీ (ఒక్కో సర్క్యూటుకు ఫ్యూజు బదులు ఉండే స్విచ్‌లు) దించేసి ఆర్‌సీసీబీ ఒక్కదాన్నే ఎత్తినా, పైన ఏసీ నడుస్తుంటే అది కొన్నిసార్లు నిలబడడం లేదు.

ఎలక్ట్రీషియన్ గారు "పాత ఇళ్ళకు ఆర్‌సీసీబీ పడదండీ, తీసేసి మామూలు ఐసొలేటరు వేసేద్దాం" అన్నారు. పడదంటూనే అది పడుతున్న సంగతి చెప్పారాయన. రెండో మనిషి వచ్చి చూసి, రెండంతస్తులూ మొత్తం పీకి కొత్త వైరింగు చేయాలి, సరుకుతో కలిపి 2,10,000 అవుతుందన్నారు. మూడో ఆయన 35,000లో సర్దేస్తానంటున్నారు; ఏం సర్దుతారో మాత్రం స్పష్టంగా చెప్పడం లేదు. కింద హాల్లో ఒక బోర్డు ఊడదీస్తే తెల్లటి అల్యూమినియం తీగలు కనిపించాయి. పైన మాత్రం రాగి తీగలే.

నా సందేహాలు ఇవి. ఆర్‌సీసీబీ తీసేయడం సబబేనా? పై వైరింగుకు పత్రం లేదు కనుక అదంతా పనికిరానిదని అనుకోవాలా? మా సర్వీసు లోడు 2 కిలోవాట్లే. ఇప్పుడు రెండు ఏసీలున్నాయి. లోడు పెంచమని దరఖాస్తు పెడితే తనిఖీకి వచ్చి, పై వాటాకు అనుమతి లేకుండా కరెంటు వాడారని జరిమానా వేస్తారేమోనని ఇంట్లో అందరూ భయపడుతున్నారు. గచ్చు పనివాళ్ళు ఆగి ఉన్నారు. తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం: బెజవాడ కాంట్రాక్టరు

అయ్యా, ముందుగా ఒక్క మాట. ఆ ఆర్‌సీసీబీలను ఎట్టి పరిస్థితుల్లోనూ తీయనివ్వకండి. మీ ఇంట్లో ఇన్నేళ్ళుగా ఉన్న తప్పును బయటపెట్టిన మొదటి పరికరం అదే. నేను విజయవాడలో లైసెన్సు మీద ముప్పై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నాను. "పాత ఇళ్ళకు పడదు" అనే మాటకు నేను చూసినంతలో అర్థం ఒక్కటే, తప్పు వెతకడానికి చెప్పేవారికి ఓపిక లేదని.

మీరు చెప్పిన లక్షణాలను బట్టి మీ ఇంట్లో రెండు వేర్వేరు దోషాలున్నాయి. మెట్ల దీపం సంగతి ముందు చూద్దాం. ఆర్‌సీసీబీ చేసే పనల్లా ఫేజులో వెళ్ళిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా అని చూడడమే. 30 మిల్లీ ఆంపియర్ల పరికరం, తేడా 15కూ 30కూ మధ్య ఎక్కడైనా పడవచ్చు, 30కి చేరితే తప్పనిసరిగా పడాలి. మెట్ల దీపానికి పైనా కిందా రెండు చోట్ల స్విచ్‌లుంటాయి కాబట్టి, వైరు మిగుల్చుకోవడానికి ఫేజు కింది బోర్డు నుంచీ, న్యూట్రల్ పక్కనే అందిన పై బోర్డు నుంచీ తీసుకోవడం ఆ రోజుల్లో చాలామంది చేసిన పని. ఒకే మెయిన్ ఉన్నన్నాళ్ళూ ఇది ఎవరికీ తెలియదు. మీరు రెండు డీబీలు పెట్టేసరికి, కింది నుంచి వెళ్ళిన కరెంటు పైనుంచి తిరిగొస్తోంది. కింది దానికి రావలసింది రాలేదు, పైదానికి వెళ్ళనిది వచ్చింది. 9 వాట్ల ఎల్ఈడీ బల్బు కూడా సుమారు 40 మిల్లీ ఆంపియర్లు లాగుతుంది. అంత చిన్న దీపమే రెండింటినీ పడగొట్టడానికి చాలు. ఏది ముందు పడితే అది పడుతుంది, కాబట్టే మీకు ఒకసారి కిందిది, ఒకసారి పైది.

ఇందులో పరికరం పడడం అసలు ప్రమాదం కాదు. పదిహేనేళ్ళ క్రితం సత్యనారాయణపురంలో ఇలాంటి ఇంట్లోనే మా కుర్రవాడు పై మెయిన్ కట్టేసి, టెస్టరు పెట్టి చూసుకుని, మెట్ల దగ్గర న్యూట్రల్ ముడి విప్పాడు. ముడి విప్పేదాకా టెస్టరు వెలగలేదు. విప్పిన మరుక్షణం, కింది ఫేజు బల్బు గుండా వచ్చి అతని చేతిలో ఉన్న నల్ల తీగ కొసకు చేరింది. నిచ్చెన మీదినుంచి పడి చెయ్యి విరిగింది, అంతటితో పోయింది. అందుకే మీ ఇంట్లో పని జరిగినన్నాళ్ళూ ఏ ఒక్క డీబీ కట్టినా చాలదు. రెండూ కట్టాలి, ఇన్వర్టరు ఉంటే దాన్ని కూడా ఆపి బ్యాటరీ తీగ విప్పాలి. మెయిన్ కట్టేశాం కదా అని చెయ్యి పెడితే ఇన్వర్టరు వెనకనుంచి తీగను బతికించి ఉంచిన ఇళ్ళు నేను ఎన్నో చూశాను.

రెండోది, గీజరు. ఎంసీబీలు దించినా ఆర్‌సీసీబీ పడుతోందంటే అది ఎక్కువగా న్యూట్రల్, ఎర్త్ ఎక్కడో కలిసిన దోషం. మామూలు ఎంసీబీ ఫేజునే తెంపుతుంది, న్యూట్రల్ అలాగే ఉంటుంది. పైన ఏసీ నడిచినప్పుడు న్యూట్రల్‌లో పుట్టే కొద్దిపాటి ఓల్టేజీకే కింద దోషమున్న చోట కరెంటు భూమిలోకి జారుతుంది. కింది గీజరు సాకెట్టు విప్పి చూడండి. ఎర్త్ తీగ రాని చోట, న్యూట్రల్ టెర్మినల్ నుంచి ఎర్త్ పిన్నుకు చిన్న తీగముక్క కలిపే దురలవాటు ఒకటి ఉండేది. టెస్టు బల్బు పెట్టి చూపిస్తే ఎర్త్ ఉన్నట్టే వెలుగుతుంది, ఇంటివారు సంతోషిస్తారు. కానీ ఆ న్యూట్రల్ వెనక ఎక్కడైనా తెగిందంటే గీజరు ఒళ్ళంతా 230 ఓల్టులూ ఉంటుంది. పాత జీఐ పైపులైతే కుళాయి తిప్పినవారికి అదే తగులుతుంది.

పరీక్ష ఎలా చేయించాలో చెబుతాను. రెండు డీబీలూ కట్టాక న్యూట్రల్ బార్ మీదున్న తీగలన్నీ విడదీసి, ఒక్కో ఎంసీబీకి దాని న్యూట్రల్ ఏదో జత కుదిర్చి, రెండింటికీ ఒకే నంబరు కాగితం అంటించాలి. జత దొరకని న్యూట్రల్ ఉంటే దోషం అక్కడే ఉంది. ఆ తర్వాత ఎల్ఈడీ బల్బులు, ఫ్యాను రెగ్యులేటర్లు, ఫ్రిజ్, ఏసీ అన్నీ తీసేసి, 500 ఓల్టుల మెగ్గరుతో (తీగ తొడుగు గుండా కరెంటు కారుతోందా అని కొలిచే మీటరు) ఒక్కో సర్క్యూట్ ఫేజు, న్యూట్రల్ రెండూ కలిపి ఎర్త్‌కు కొలవాలి. 1 మెగా ఓమ్‌కు తక్కువ వస్తే ఆ తీగ ఇక ఉంచకూడదు. బాగున్న పీవీసీ తీగ ఇంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువ చూపిస్తుంది. ఒకటి రెండు దగ్గర ఊగిసలాడేదాన్ని కూడా నేనైతే మార్చేస్తాను. మెగ్గరు లేకుండా కళ్ళతో చూసి "బాగానే ఉంది" అనేవారిని గేటు దగ్గరే పంపించేయండి.

ఇక ఎంత మార్చాలనేది. కింద అల్యూమినియం మొత్తం తీయించండి, ఇందులో బేరం వద్దు. అల్యూమినియం మీద పొర కట్టుకుంటుంది, స్క్రూ కింద కాలక్రమాన నలిగి వదులవుతుంది, రాగితో మెలిపెట్టిన చోట తేమకు తినేస్తుంది. అలా వదులైన ముడి వేడెక్కి స్విచ్‌బోర్డు వెనక గోధుమరంగుకు మాడుతూ ఉంటుంది. మీరు ఊడదీసిన ఆ హాలు బోర్డు వెనక్కి తిప్పి చూడండి, మాడిన మచ్చ ఉందేమో. పైన రాగి కాబట్టి మెగ్గరు చెప్పినదాన్ని బట్టి దీపాలకూ ఫ్యాన్లకూ ఉన్నవి ఉంచుకోవచ్చు. ఏసీకీ, గీజరుకూ మాత్రం పాత తీగ చాలదు. ఆ రోజుల్లో పవర్ ప్లగ్గులకు వాడిన 3/20 తీగ (20 గేజి పోగులు మూడు) వైశాల్యం లెక్కగడితే 2 చదరపు మిల్లీమీటర్లకు లోపే వస్తుంది. ఏసీకి నేను 4 చదరపు మిల్లీమీటర్లది, గీజరుకు కనీసం 2.5 లాగుతాను, ఒక్కోదానికి విడి ఎంసీబీ, విడి న్యూట్రల్, డీబీ దాకా విడి ఎర్త్. అంటే 2,10,000 చెప్పిన ఆయన కింది విషయంలో నిజం చెప్పారు, పై విషయంలో కొంచెం ఎక్కువ చెప్పారు. 35,000 ఆయన గురించి నేనేమీ అనను.

ఎర్తు గొయ్యి కూడా చూడండి. 1978 నాటి జీఐ పైపు మట్టిలో ఎంత మిగిలిందో దేవుడికే తెలియాలి. ఎర్తు ఉంటే ఎంసీబీయే పడుతుంది కదా అని చాలామంది అనుకుంటారు. గొయ్యి 5 ఓమ్‌లున్నా, 230ని 5తో భాగిస్తే 46 ఆంపియర్లు. 16 ఆంపియర్ల సీ రకం ఎంసీబీ వెంటనే పడాలంటే 80 నుంచి 160 దాకా కావాలి. అది చాలాసేపు చూస్తూ కూర్చుంటుంది. మనుషుల్ని కాపాడేది ఆర్‌సీసీబీయే అని మొదట అన్నది ఇందుకే.

సమాధానం: విశ్రాంత విద్యుత్ ఉద్యోగి

పంపిణీ సంస్థలో పనిచేసి రిటైరైనవాణ్ణి. సాంకేతికం పైవారు చెప్పారు కాబట్టి మీ మూడో సందేహానికే పరిమితమవుతాను.

పై వాటా పని 1994లో జరిగింది కనుక అప్పుడు అమల్లో ఉన్నవి 1956 నాటి భారత విద్యుత్ నియమాలు. వాటిలో 45వ నియమం ప్రకారం బల్బులు, ఫ్యాన్లు, ఫ్యూజులు, స్విచ్‌లు వంటివి ఉన్నవాటి స్థానంలో మార్చుకోవడం తప్ప, కొత్తగా కలిపే వైరింగు పని ఏదైనా లైసెన్సున్న కాంట్రాక్టరే చేయాలి. తర్వాత వచ్చిన కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010 నిబంధనలూ, వాటి స్థానంలో వచ్చిన 2023 నిబంధనలూ ఇదే సూత్రాన్ని కొనసాగించాయి. కనుక మీ మామయ్యగారి పని అప్పుడూ నిబంధనలకు లోబడినది కాదు, ఇప్పుడూ కాదు. అయితే దాన్ని సరిచేసే దారి సూటిగానే ఉంది. లైసెన్సున్న కాంట్రాక్టరు చేత పరీక్ష చేయించి, చెడినది మార్పించి, పూర్తయిన పనికి ఆయన సంతకంతో పరీక్షా నివేదిక తీసుకోండి. లోడు పెంచుకునే దరఖాస్తుకు అదే కాగితం పనికొస్తుంది.

జరిమానా భయం గురించి. 2003 విద్యుత్ చట్టంలో జనం రెండు సెక్షన్లను కలిపేసి భయపడుతుంటారు. 135 దొంగతనానికి సంబంధించినది: మీటరుకు ముందే తీగ తగిలించడం, మీటరును పాడుచేయడం వంటివి. మీ పై వాటా కరెంటు మీ మీటరు గుండానే వచ్చింది, ప్రతి యూనిటుకూ బిల్లు కట్టారు. ఇది ఆ కోవలోకి రాదు. 126 అనధికార వినియోగానికి సంబంధించినది: ఇంటి సర్వీసు మీద దుకాణం నడపడం, ఒక చోటికి తీసుకున్న సర్వీసు నుంచి మరో చోటికి కరెంటు ఇవ్వడం వంటివి. దాని కింద రెట్టింపు టారిఫ్ లెక్కన, ఎప్పటినుంచో తేలని పక్షంలో తనిఖీకి ముందు 12 నెలలకు మదింపు వేస్తారు. అదే ఆవరణలో అదే డోరు నంబరు మీదున్న పై వాటాలో కుటుంబం కాపురముండడాన్ని ఈ సెక్షన్ కిందికి లాగిన సందర్భం నా సర్వీసులో నాకు గుర్తులేదు. పై వాటాలో ట్యూషన్ సెంటరో, టైలరింగు దుకాణమో పెట్టి ఉంటే నా జవాబు వేరుగా ఉండేది.

మీరు భయపడవలసింది 2 కిలోవాట్ల గురించే. ఒకటిన్నర టన్ను ఏసీలు రెండు కలిపి సుమారు 3 కిలోవాట్లు, గీజర్లు రెండుంటే 4, మోటారు ఒక హార్స్‌పవరైతే ముప్పావు కిలోవాటు. దీపాలూ వంటింటి సామానూ కలపకుండానే మీరు ఎక్కడున్నారో చూడండి. వారు కనిపెట్టేలోగా మీరే దరఖాస్తు పెట్టుకోవడం అన్నివిధాలా మర్యాద. లోడు పెరిగితే త్రీ ఫేజు తీసుకోమంటారు, సర్వీసు తీగా మీటరూ మారతాయి. కాబట్టి కాంట్రాక్టరుతో ముందే చెప్పి డీబీలను త్రీ ఫేజుకు సరిపడా వేయించుకుంటే రెండోసారి గోడ పగలగొట్టనక్కరలేదు. పై వాటాను ఎప్పటికైనా అద్దెకిచ్చే ఉద్దేశముంటే దానికి విడి సర్వీసే తీసుకోండి. స్లాబులు పెరిగేకొద్దీ యూనిటు ధర పెరుగుతుంది కనుక రెండు కుటుంబాలు ఒకే మీటరు మీద ఉంటే నష్టపోయేది మీరే. విడి సర్వీసు తీసుకునే పక్షంలో ఆ మెట్ల దీపం వ్యవహారం ముందే తేల్చుకోవాలి. రెండు మీటర్ల న్యూట్రళ్ళు కలిసిన ఇంటికి వెళ్ళమంటే మా లైన్‌మెన్లు కూడా జంకేవారు.

ఇంకొక్కటి. మీటరూ, దాని సీలూ, దానికి ముందున్నదంతా సంస్థది. మీ ఎలక్ట్రీషియన్ మీటరు సీలు మీద చెయ్యి వేయకూడదు. మీటరు దగ్గర సరఫరా ఆపవలసి వస్తే 1912కు ఫోను చేసి లైన్‌మన్‌ను పిలిపించుకోండి.

బీరువాలో ఉన్న ఆ 1978 పత్రం చూసుకుని మురిసిపోకండి. అది ఆ రోజున్న వైరింగుకు మాత్రమే సాక్ష్యం. ఆ తర్వాత కలిపిన ప్రతి ప్లగ్గుకూ కాదు.

సమాధానం: సింగ్ నగర్ గృహిణి

నేను ఎలక్ట్రీషియన్‌ను కాదు కానీ, సగం పని చేయించి మళ్ళీ గోడలు పగలగొట్టించుకున్నదాన్ని కాబట్టి రాస్తున్నాను. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు మా ఇంట్లోకి వచ్చినప్పుడు నీళ్ళు స్విచ్‌బోర్డుల పైదాకా నిలిచాయి. నీళ్ళు పోయాక బోర్డులు మార్పించి, ఎండబెట్టి, కరెంటు పెట్టించుకున్నాం. తీగలు పైపుల్లోనే ఉన్నాయి కదా, వాటికేమవుతుందని మాకు చెప్పినవారే ఎక్కువ. నెల రోజుల తర్వాత ఒక స్విచ్‌బోర్డు స్క్రూ తీస్తే డబ్బా అడుగునుంచి బురద నీళ్ళు కారి కొత్తగా వేసిన రంగు మీద చారలు కట్టాయి. పైపు వంపులో నిలిచిన నీళ్ళు ఎక్కడికీ పోలేదన్నమాట. ఆ తర్వాత మెగ్గరు పెట్టించాం. కింది సర్క్యూట్లు ఒక్కటీ పాస్ కాలేదు. పుట్టీ, రంగు, అన్నీ మళ్ళీ మొదటికి వచ్చాయి.

అందుకని మీ గచ్చు పనివాళ్ళు నాలుగు రోజులు ఆగినా ఫరవాలేదు, తీగల పరీక్ష పుట్టీకి ముందే పూర్తి చేయించండి. గాళ్ళు కొట్టాక, పైపులు బిగించాక, ప్లాస్టరింగుకు ముందు, గోడకు టేపు ఆనించి నేల నుంచి ఎంత ఎత్తులో, మూల నుంచి ఎంత దూరంలో పైపు పోయిందో కనబడేలా ప్రతి గోడకూ ఫోటో తీసి పెట్టుకోండి. మా ఇంట్లో ఆ ఫోటోల వల్లే తర్వాత గీజరు బిగించేటప్పుడు డ్రిల్లు పైపులోకి దిగకుండా తప్పింది. మీ కింది గోడలు సున్నపు గారతో కట్టినవైతే అడ్డంగా పొడుగాటి గాడి కొట్టనివ్వకండి, నిలువుగానే కొట్టించండి. మా మేస్త్రీ ఈ విషయంలో చాలా పట్టుదలగా ఉన్నాడు, తర్వాత ఇంజనీరు గారు వచ్చి అదే సరి అన్నారు.

సమాధానం: లక్ష్మీపురం

ఇంత హంగామా అవసరమా అని నా సందేహం. 30 మిల్లీ ఆంపియర్లది సున్నితంగా ఉంది కాబట్టి పడుతోంది. 100 మిల్లీ ఆంపియర్లది పెడితే మెట్ల దీపానికి పడదు, గోడలు పగలగొట్టే పనీ ఉండదు. మా ఇంట్లో అదే పెట్టాం, రెండేళ్ళుగా ఇబ్బంది లేదు.

సమాధానం: బెజవాడ కాంట్రాక్టరు

లక్ష్మీపురం వారికి: మీ ఇంట్లో ఇబ్బంది లేకపోవడం సంతోషమే. కానీ 100 మిల్లీ ఆంపియర్లది తీగల లీకేజీ వల్ల మంటలు రాకుండా కొంత పనికొస్తుందే తప్ప, మనిషి ప్రాణానికి అడ్డం వేసేది కాదు. 30 అనే అంకె మనిషి గుండెను దృష్టిలో పెట్టుకుని వచ్చినది. పైగా మెట్ల దగ్గర ఆ న్యూట్రల్ మీద రేపు ఎవరైనా ఒక ఫ్యాను తగిలిస్తే 100 కూడా పడుతుంది, అప్పుడు 300 పెడదామా? రెంటినీ వరసలో వాడే పద్ధతి ఉంది: మెయిన్‌లో కొద్దిగా ఆలస్యంగా పడే 100, లోపల ఒక్కో డీబీకి 30. అది ఈ ప్రశ్నకు జవాబు కాదు.

ప్రశ్నించినవారికి ఒక జాగ్రత్త రాయడం మరిచాను. పైన కొత్త తీగలు లాగేటప్పుడు పాత తీగ కొసకు కొత్తది కట్టి లాగడం వాడుక. అది మధ్యలో తెగితే ఆ పైపు పోయినట్టే. శ్లాబులో పోసిన పైపులైతే లాగేముందు ఒక్కోదాన్ని చేత్తో అటూ ఇటూ కదిపి చూడమనండి. కదలని తీగను బలవంతం చేయవద్దు, దాన్ని వదిలి గోడ మీదుగా కొత్త దారి వేయడమే చవక.

జవాబు: బ్రాడీపేట పాతిల్లు

అందరికీ కృతజ్ఞతలు. పదిహేను రోజుల తర్వాత రాస్తున్నాను. మీరు చెప్పినట్టే లైసెన్సున్న కాంట్రాక్టరును పిలిపించి, రెండు డీబీలూ ఇన్వర్టరూ కట్టించి పరీక్ష చేయించాం.

మెట్ల మలుపులో చెక్క బోర్డు విప్పితే, కింది నుంచి వచ్చిన ఎర్ర తీగా, పై గది నుంచి వచ్చిన నల్ల తీగా ఒకే హోల్డరుకు చేరి ఉన్నాయి. వాటి మీద చుట్టిన నల్లటి గుడ్డ టేపు ముట్టుకోగానే పొడిపొడిగా రాలింది. కింది నుంచి వచ్చిన ఆ ఎర్ర తీగ తెంపి దీపాన్ని పూర్తిగా పై డీబీ మీదికి మార్చారు. గీజరు సాకెట్టు విషయంలోనూ బెజవాడ వారు చూసినట్టే చెప్పారు. రెండంగుళాల రాగి ముక్క, న్యూట్రల్ నుంచి ఎర్త్ పిన్నుకు. పత్రం ఉన్న కింది ఇంట్లోనే అది దొరకడం మాకు మింగుడు పడలేదు. ఎవరో తెలియని ఎలక్ట్రీషియన్ 2005 ప్రాంతంలో గీజరు పెట్టినప్పటిదని ఇంట్లో గుర్తుచేసుకున్నారు. మా ఆవిడ ఆ బాత్‌రూములో కుళాయి తిప్పితే అప్పుడప్పుడు చేయి జివ్వుమంటోందని చెబుతూనే ఉండేది. నేను తేమ వల్లేనని కొట్టిపారేసేవాణ్ణి. ఇప్పుడా సంగతి రోజుకోసారి వింటున్నాను.

పై వాటా మెగ్గరు లెక్కలు చూసి కాంట్రాక్టరు గారే ఆశ్చర్యపోయారు. దీపాలు, ఫ్యాన్ల సర్క్యూట్లు ఐదింటిలో నాలుగు 50 మెగా ఓమ్‌ల పైన చూపించాయి. జంక్షన్ డబ్బాలు తెరిస్తే కారణం కనిపించింది: మామయ్య ప్రతి ముడినీ మెలిపెట్టి వదలకుండా, రేడియోలో అతికించినట్టు సీసం పోసి అతికించారు, ఇన్నేళ్ళ తర్వాత కూడా నిగనిగలాడుతున్నాయి. అవి అలాగే ఉంచాం. ఏసీకి, గీజర్లకు కొత్త తీగలు లాగారు. ఒక పైపులో తీగ కదలలేదు. మీరు చెప్పినట్టు దాన్ని వదిలేసి గోడ మీదుగా దారి వేశారు. ఐదో సర్క్యూటు బాత్‌రూము పక్కది, అది మొత్తం మార్చారు. కింద అల్యూమినియం అంతా తీసేశారు. హాలు బోర్డు వెనక చెక్క మీద అర్ధరూపాయంత మాడిన మచ్చ ఉంది. ఎర్తు గొయ్యి కొత్తది తవ్వాం. ఖర్చు మొత్తం 1,46,000 అయింది.

ఆర్‌సీసీబీలు రెండూ పది రోజులుగా పడలేదు. టెస్టు బటన్ నొక్కితే మాత్రం రెండూ వెంటనే పడుతున్నాయి. పరీక్షా నివేదికతో లోడు దరఖాస్తు పెట్టాం. వచ్చి చూసిన వారు పై వాటా గురించి ఒక్క ప్రశ్నా వేయలేదు, మెట్లెక్కి ఏసీలు లెక్కపెట్టుకుని వెళ్ళారు. త్రీ ఫేజు సర్వీసు తీగకు స్తంభం నుంచి మా గోడ దాకా దూరం కొలిచారు, మీటరు రావాల్సి ఉంది. గోడల ఫోటోలు నలభైరెండు తీశాం. సోమవారం నుంచి ప్లాస్టరింగు.